పల్లె నుంచి చరిత్ర – 14: అమరావతికి వచ్చేదెవరు, నిలబడేదెవరు



పోయిన నెల గుంటూరులో ఒక మీటింగు అయ్యాక డిగ్రీ చదివే తమ్ముడొకడు నన్నడిగాడు. "అన్నా, ఇటు గుంటూరు, అటు బెజవాడ, పక్కనే రాజధాని. ఇక మన అమరావతి జనాభా ఎక్కడికి పోతుందో!" వాడి లెక్కలో పెద్ద ఊళ్లకు దగ్గరగా ఉన్న ప్రతి ఊరూ తనంతట తానే పెరుగుతుంది. వెంచర్లు వేసేవాళ్ల కరపత్రాల్లో కూడా ఇదే మాట ఉంటుంది. కానీ మా ఊరు ఈ రెండు ఊళ్లకంటే పాతది. ఒకప్పుడు నిండింది, ఖాళీ అయింది, మళ్లీ నిండింది. ఎప్పుడు ఎందుకు నిండిందో చూస్తే దగ్గర, దూరం అనే లెక్క సరిపోదు.

ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను. టీవీలో చెప్పే అమరావతి వేరు, మేం అమరావతి అనేది వేరు. స్తూపం, అమరేశ్వరుడి గుడి, ధ్యానబుద్ధుడి విగ్రహం ఉన్న ఊరు మాది. రాజధాని ఊళ్లు తుళ్లూరు, తాడేపల్లి, మంగళగిరి మండలాల్లో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊళ్లు గుంటూరు జిల్లాలో ఉండిపోయాయి. పేరిచ్చిన మా ఊరు పల్నాడు జిల్లాలోకి పోయింది. కలెక్టరాఫీసులో పనుంటే దగ్గరున్న గుంటూరు కాదని సత్తెనపల్లి మీదుగా నరసరావుపేట పోవాలి. రాజధాని మా ఊరి పేరు తీసుకుంది, ఊరిని ఇక్కడే వదిలేసింది.

ఇక జనాభా. జనం పెరగడమంటే పిల్లల్ని కనడం అనుకుంటారు. మన దగ్గర ఆ కథ ఎప్పుడో అయిపోయింది. ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభా 2001లో 44,65,144. 2011లో 48,87,813. పదేళ్లలో పది శాతం కూడా పెరగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఉన్న జనం తగ్గకుండా ఉండాలంటేనే 2.1 కావాలి. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. దేశంలో ఇంత ఎక్కువ ఇంకెక్కడా లేదు. మగవాళ్ల ఆపరేషన్లు లెక్కకు కూడా రావు. మా పల్లెలో మా అమ్మ వయసు ఆడవాళ్లలో కడుపు మీద ఆ కుట్టు లేని మనిషిని నేను చూడలేదు. ఆపరేషనైన వారానికే పత్తి చేలో వంగి ఒడి కట్టినవాళ్లు వాళ్లు.

1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచ్‌గా పోటీకి పనికిరారని పెట్టారు. 2024 నవంబరులో ఆ నిబంధన తీసేశారు. అంతకు ముందు నెలలోనే ముఖ్యమంత్రి చంద్రబాబు ఎక్కువమందిని కనండని పిలుపిచ్చారు. ముప్పై ఏళ్లు మీకు పిల్లలెక్కువ అన్న నోళ్లే ఇప్పుడు తక్కువైపోయారంటున్నాయి. పుట్టే పిల్లలకు ఇల్లెక్కడ అని అడిగితే ఏమంటారో కిందికొచ్చాక చెబుతాను.

కాబట్టి ఈ చుట్టుపక్కల ఏ ఊరైనా పెరగాలంటే బయటి నుంచి జనం రావాలి. వచ్చినవాళ్లు నిలబడాలి. రావడానికి పని చాలు. నిలబడడానికి తలదాచుకునే స్థలం కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే మనవాళ్ల చరిత్రంతా ఉంది.

రెండు వేల ఏళ్ల కిందటికి పోదాం. ఇప్పటి ధరణికోట అప్పటి ధాన్యకటకం. శాతవాహనుల కాలంలో పెద్ద పట్నం. ఎందుకు పెద్దదైంది? కృష్ణ. సముద్రం నుంచి నది మీదుగా పడవలు పైకొచ్చేవి. 1960ల్లో ధరణికోటలో తవ్వినప్పుడు పడవలు లోపలికి రావడానికి తవ్విన కాలవ, ఇటుకలతో కట్టిన రేవు బయటపడ్డాయి. రేవున్న చోట మోసేవాళ్లు, కుట్టేవాళ్లు, కొట్టేవాళ్లు, వండేవాళ్లు చేరతారు. స్తూపానికి రాళ్లు ఇచ్చినవాళ్ల పేర్లు ఆ రాళ్ల మీదే చెక్కి ఉన్నాయి. భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లు. వాళ్లలో ఒకడు విధికుడు. శాసనంలో అతని పేరు ముందు ఉన్న మాట చమ్మకార. తోలు పనివాడు. అతని తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడు తల్లినీ, భార్యనీ, అన్నదమ్ముల్నీ, బిడ్డల్నీ కలుపుకుని పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు.

ఈ నాలుగు ముక్కలు నేను మొదటిసారి చదివినప్పుడు నా వయసు ఇరవై రెండు. స్తూపానికి కూతవేటు దూరంలో పెరిగాను. స్కూల్లో అమరావతి శిల్పకళ మీద వ్యాసం రాశాను, మార్కులొచ్చాయి. విధికుడి పేరు ఒక్క పంతులూ చెప్పలేదు. అప్పుడు కులం లేదని నేననను. ఒక్క రాయి పట్టుకుని స్వర్ణయుగం కట్టేయడం మన పని కాదు. కానీ ఇంత మాత్రం చెప్పగలను. తోలు పనిచేసే మనిషికి ఆ పట్నంలో కుటుంబం ఉంది, దానమివ్వగలిగిన సంపాదన ఉంది, పేరు చెక్కించుకునే చోటు ఉంది. తండ్రి పాఠం చెప్పేవాడైతే కొడుకు తోలు కోసేవాడు. పట్నం పెరిగిందంటే ఇలాంటివాళ్లు వచ్చి నిలబడ్డారు కాబట్టే పెరిగింది.

తర్వాత ఖాళీ అయింది. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ ఈ దేశంలో విహారాలు చాలా ఉన్నా ఎక్కువ పాడుబడ్డాయనీ, ఓ ఇరవై మాత్రం మిగిలాయనీ రాశాడు. బౌద్ధం ఎందుకు పోయిందనేది ఇంకో పెద్ద కథ, ఏడో భాగంలో కొంత రాశాను. మన లెక్కకు కావలసింది ఒక్కటే. నది అక్కడే ఉంది, దారులు అక్కడే ఉన్నాయి, ఊరు మాత్రం చిక్కిపోయింది. స్తూపం దిబ్బయిపోయి, చుట్టుపక్కల జనానికి దీపాలదిన్నెగా మిగిలింది.

మళ్లీ నింపింది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. 18వ శతాబ్దం చివర చింతపల్లి వదిలి తన కాపురం ఇక్కడికి మార్చాడు. ఎందుకు మార్చాడో మా పక్క పల్లెల్లో ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. చెంచులు దోపిడీలు చేస్తున్నారని వాళ్లను నమ్మించి భోజనానికి పిలిచాడట. వరసగా తలలు నరికించాడట. ఆరు వందల మందని అంటారు. ఆ నరికిన చోటే మా మండలంలోని నరుకుళ్లపాడు అని ఊరి పేరుకు అర్థం చెబుతారు. ఆ తర్వాత ఆయన విస్తట్లో అన్నం పురుగుల్లా కనబడిందనీ, పాపం పోవడానికి అమరేశ్వరుడి కాళ్ల దగ్గరికి వచ్చాడనీ, గుళ్లు కట్టించాడనీ కథ. గుడికొచ్చే భక్తులకు ఈ కథ రాజుగారి పశ్చాత్తాపం కథగా చెబుతారు. చచ్చినవాళ్లలో ఒక్కడికీ పేరు లేదు. కాగితం మీద రుజువెంత ఉందని అడిగేవాళ్లుంటారు. ఊళ్లే ఆ పేరుతో ఉన్నప్పుడు, ఆ జ్ఞాపకం మోసినవాళ్లెవరని నేనడుగుతాను.

కొత్త ఊరికి జనం కావాలి కదా. నాయుడు వీధులు వేయించాడు, వర్తకుల్ని పిలిపించాడు, ఇళ్లు కట్టుకోవడానికి వాళ్లకు సాయం చేశాడు. ఆ రోజుల్లోనే వచ్చి చూసిన కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ ఈ సంగతి రాశాడు. గమనించండి. రెండు వందల ఏళ్ల కిందట ఊరు పెరగడానికి రాజు కనిపెట్టిన ఉపాయం ఇదే. పిలిచి స్థలమివ్వడం, గోడ లేపుకోవడానికి చేయూతనివ్వడం. వర్తకులకిచ్చాడు, బ్రాహ్మణులకిచ్చాడు. ఆ వీధుల రాళ్లు మోసినవాళ్లు ఊరి బయట తమంతట తాము వేసుకున్న గుడిసెల్లో ఉన్నారు. పైగా కట్టడాలకు రాయి కావలసి దీపాలదిన్నెను తవ్వారు. విధికుడి లాంటివాళ్లు దానమిచ్చిన పలకల్లో కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడలయ్యాయి. మిగిలినవాటిని 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. వాటిలో చాలా 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. మా ఊరి నుంచి లండన్‌కు వలసపోయిన మొదటి బ్యాచ్ అదేనని మా వాళ్లం నవ్వుకుంటాం.

1832–33లో గుంటూరు సీమను కరువు పట్టింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువన్నారు. డొక్కలు తేలిన మనుషుల్ని చూసి డొక్కల కరువన్నారు. జిల్లాలో అప్పుడున్న 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల దాకా పోయారని లెక్కలున్నాయి. జనాభా పెరుగుదల గురించి మాట్లాడేవాళ్లు ఈ లోటును మర్చిపోతారు. మన జిల్లా 19వ శతాబ్దాన్ని మూడో వంతు మనుషుల్ని పోగొట్టుకుని మొదలెట్టినట్టు లెక్క. పోయినవాళ్లలో గింజ దాచుకోవడానికి గాదె లేనివాళ్లే ముందు పోయుంటారని చెప్పడానికి శాసనం అక్కర్లేదు.

ఆ చావులు చూసే సర్కారుకు కృష్ణ మీద ఆనకట్ట కట్టాలనే మాట చెవికెక్కింది. 1852లో మొదలుపెట్టి 1855కి బెజవాడ దగ్గర పూర్తి చేశారు. దాని కింద తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కాలవలు పారాయి. రెండు తరాల్లో డెల్టా ముఖమే మారిపోయింది. వరి, మిల్లులు, రైలు, పట్నాలు. మేమున్నది ఆనకట్టకు పైన. కృష్ణ మా గుమ్మం ముందే పోతుంది, మా నల్లరేగడికి మాత్రం వానే దిక్కు. బెజవాడకు ఇంత దగ్గరగా ఉండి కూడా తెనాలి పెరిగినట్టు అమరావతి పెరగకపోవడానికి ఇదే ముఖ్య కారణం. నాట్లకూ కోతలకూ మావాళ్లు డెల్టాలోకి దిగేవాళ్లు. పని చేసి, కూలి గింజలు మూటగట్టుకుని తిరిగొచ్చేవాళ్లు. డెల్టా పెరుగుదలలో మా చెమట ఉంది, మా ఇళ్లు లేవు.

గుంటూరు సంగతి కొంచెం వేరు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరొచ్చాడు. తర్వాత పల్నాడులో గురజాల దాకా పోయాడు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. 1885లో కాలేజీ వచ్చింది, అదే తర్వాత ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ. పల్లెలో పుట్టిన పిల్లలకు బడి, హాస్టలు, నర్సు ఉద్యోగం, టీచరు ఉద్యోగం ఉన్న ఊరు గుంటూరే అయింది. మిషన్ దగ్గర కూడా కులం లేకపోలేదు, అది వేరే గొడవ. కానీ మాల మాదిగ కుటుంబాలు పట్నంలో ఒక తరం నిలదొక్కుకోవడానికి ఆ మిషన్ కాంపౌండు గోడల పక్క చోటే మొదటి ఆధారం.

రెండో ఆధారం భయం. జనాభా పాఠాల్లో వలసకు లాగే కారణాలు, నెట్టే కారణాలు అని రాస్తారు. నెట్టే కారణాల కింద కరువు, నిరుద్యోగం ఉంటాయి. గొడ్డలి ఉండదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికాక బతికినవాళ్లు చీరాల చేరారు. వాళ్లు వెనక్కి పోలేదు, చీరాలలో విజయనగర్ కాలనీ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలల్ని చంపి కాలవలో పడేశాక పల్లె తెనాలికి నడిచింది. మధ్యలో 1987లో నీరుకొండ. అక్కడా దాడి, చావులు. ఆ నీరుకొండ ఇప్పుడు రాజధాని 29 గ్రామాల్లో ఒకటి. అక్కడ ఇప్పుడు పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. వేలమంది విద్యార్థులు దేశం నలుమూలల నుంచి వచ్చి ఆ ఊరి జనాభాను పెంచుతున్నారు. మంచిదే. వాళ్లలో ఎందరికి ఆ ఊరి పేరు వెనక ఏముందో తెలుసు?

ఇప్పటి అమరావతికి వద్దాం. తెల్లారి ఆరు గంటలకు బస్టాండులో నిలబడితే ఊరి జనాభా లెక్క కళ్లకు కడుతుంది. గుంటూరు బస్సు, బెజవాడ బస్సు, వాటికంటే ముందు ఆటోలు. మా పెదనాన్న ముప్పై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. చాలా ఏళ్లు ఇంటికొచ్చి పోయేవాడు. ఒకసారి పట్నంలోనే గది తీసుకుందామని పెద్దమ్మ పోరితే వెతికాడు. ఒక ఇంటాయన అడ్వాన్సు కూడా తీసుకుని, మర్నాడు "మీరేమిట్లు?" అని అడిగి తిరిగిచ్చేశాడు. పట్నం దగ్గరగా ఉండడం వల్ల ఊరు పెరగడం సంగతి అటుంచండి, పగలంతా పల్లె ఖాళీ. పట్నానికి మా చేతులు కావాలి, సాయంత్రానికి ఆ చేతులు వెళ్లిపోవాలి. చదువుకున్న పిల్లలు హైదరాబాదో బెంగుళూరో పోతే ఇక రారు.

ఖాళీ అయిన చోటికి ఇంకొకరు వస్తారు. దసరా దాటాక పత్తికి, సంక్రాంతి దాటాక మిరపకు కర్నూలు పడమటి నుంచి కుటుంబాలు దిగుతాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వాళ్లు. బోయలు, కురువలు, మాదిగలు. వాళ్ల మాటలో దీన్ని సుగ్గి అంటారు. ముఠా మేస్త్రీ మాట్లాడుకుని లారీల్లో, ట్రాక్టర్లలో తీసుకొస్తాడు. కళ్లాల పక్కన పట్టా డేరాలు వేసుకుంటారు. ముసలివాళ్లను ఊళ్లో వదిలి పిల్లల్ని బడి మాన్పించి తెచ్చుకుంటారు. ఉగాది దగ్గరకొచ్చేసరికి వెళ్లిపోతారు. ఏడాదిలో మూడు నాలుగు నెలలు మా మండలంలో జనం నిజంగానే పెరుగుతారు. ఏ లెక్కా దాన్ని చూడదు. మావాళ్లు కొందరు వాళ్లను చూసి కూలి రేటు పడగొడుతున్నారని గొణుగుతారు. డెల్టా కూలీలు మా ముత్తాతల్ని చూసి ఇదే మాట అని ఉంటారు.

రాజధాని ఊళ్లలో ఏమైందో చాలా రాశారు, క్లుప్తంగా చెబుతాను. 2015లో భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. భూమిచ్చిన రైతుకు ప్లాట్లు, ఏటా కౌలు. భూమి లేని కూలికి నెలకు 2,500 రూపాయల పింఛను. ఏటి ఒడ్డు జరీబు నేలల్లో అరటి, పూలు, కూరగాయలు ఏడాది పొడుగునా పని పెట్టేవి. అది ఆగిపోయాక తుళ్లూరు వైపు ఆడవాళ్లు ఆటోలెక్కి మా మెట్ట పొలాలకు పత్తి తీయడానికి వచ్చేవాళ్లు. రాజధాని వచ్చిన చోటి నుంచి కూలికి బయటికి రావడం! భవనాలు కట్టడానికి బీహారు, ఒడిశా, బెంగాల్ నుంచి మనుషుల్ని తెచ్చి రేకుల షెడ్లలో పెట్టారు. వాళ్లూ సుగ్గివాళ్లే, కాకపోతే చేను బదులు సిమెంటు.

ఇప్పుడు పైన వాయిదా వేసిన మాట. 2020లో రాజధాని ప్రాంతంలో బయటి పేదలకు ఇళ్ల స్థలాలివ్వబోతే వ్యవహారం కోర్టుకు పోయింది. ఇక్కడ పేదలకు స్థలాలిస్తే డెమోగ్రాఫిక్ ఇంబ్యాలెన్స్ వస్తుందని కోర్టులో వాదించారని అప్పటి ముఖ్యమంత్రి జగన్ సభసభలోనూ చెప్పేవారు. ఆయనకు ఆ మాట రాజకీయానికి బాగా పనికొచ్చింది. 2023లో ఆర్‌5 జోన్ అని పెట్టి 50 వేలమందికి పైగా ఆడవాళ్లకు ఒక్కో సెంటు పట్టాలు పంచారు. ఆ ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం మీద స్టే ఇచ్చింది. సెంటంటే 48 గజాలు. రాజధాని వద్దనుకున్న ప్రభుత్వం రాజధాని మధ్యలో పేదల్ని తెచ్చి నిలబెట్టడంలో ప్రేమెంత, కసి ఎంత అని రైతులడిగారు. అడగాల్సిన ప్రశ్నే. భూములిచ్చిన రైతుల్లో మనవాళ్లూ ఉన్నారు, వాళ్ల భయం అబద్ధం కాదు. ఒక పార్టీ పేదల్ని ఎత్తుగడగా వాడింది. ఇంకో పక్షం పేదల్ని మాస్టర్ ప్లాన్‌కు పడ్డ మరకలా చూసింది. మధ్యలో పట్టా కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న ఆడమనిషి ఉంది.

నాకు ఆ ఇంగ్లీషు మాట దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. ఇంబ్యాలెన్స్ అంటే అంతకు ముందు ఒక బ్యాలెన్స్ ఉందని కదా. ఉమ్మడి గుంటూరు జిల్లాలో దాదాపు ఐదో వంతు ఎస్సీలం. ఆ ఐదో వంతు ఊరికి ఓ పక్క, గాలి దిగువన, వాగు ఒడ్డున సర్దుకుని ఉన్నంతకాలం బ్యాలెన్స్ బాగానే ఉంది. నడిమధ్యకు వస్తామంటే చెడిపోతుంది. వెంకటాద్రి నాయుడు వర్తకులకు స్థలాలిచ్చినప్పుడు ఎవరూ బ్యాలెన్స్ గురించి అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు. 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాల లెక్కా తీయబోతున్నారు. మనుషుల్ని లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. ఫిబ్రవరంటే మా దగ్గర మిరప కోత నిండుగా ఉండే రోజులు. కోసిగి మాదిగ కుటుంబం ఆ నెలంతా అమరావతి మండలంలో డేరాలో ఉంటుంది. సొంతూళ్లో ఇంటికి తాళం. 2011 పద్ధతే పెడితే, లెక్కల రోజులన్నీ ఇంట్లో లేనివాళ్లను ఎక్కడుంటే అక్కడ రాయాలి, ఇల్లులేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి వెతికి రాయాలి. కళ్లం పక్క డేరా దాకా ఎన్యూమరేటర్ రాకపోతే ఆ కుటుంబం రెండు చోట్లా ఉండదు.

మన మండలాల్లో డేరాలు ఏ చేల దగ్గర పడతాయో పై అధికారులకంటే మనకే బాగా తెలుసు. అమరావతి, పెదకూరపాడు, క్రోసూరు, అచ్చంపేట, సత్తెనపల్లి మండలాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఊరి పొలిమేరలో పోయిన సీజన్లో ఎన్ని ముఠాలు దిగాయో, ఎక్కడి నుంచి వచ్చాయో, మేస్త్రీ ఎవరో ఇప్పుడే రాసిపెట్టుకోండి. లెక్కలు తీయడానికి వచ్చే టీచరమ్మను ఆ చేల గట్ల మీదుగా తీసుకెళ్లాల్సింది మనమే.

పదిహేనో భాగంలో రాజధాని అసైన్డ్ భూములు, 1977 చట్టం, జీవో 41.